పాత కమిట్‌లో ఒక్క మాట మారిస్తే ఏమేం కదులుతాయి?

క్లుప్తంగా: కోడ్‌లో వచ్చే మార్పులన్నిటినీ వరసగా దాచే గిట్ అనే టూల్‌లో ఒకసారి పడ్డ కమిట్‌ను, అంటే అలా దాచిన ఒక నమోదును, దిద్దడమంటూ ఉండదు. దిద్దినట్టు కనిపించే ప్రతి కమాండూ కొత్త కమిట్ రాసి, దాని తర్వాతవన్నీ మళ్లీ రాసి, బ్రాంచ్ (కమిట్ల వరస) పేరును ఆ కొత్త వరస మీదికి జరుపుతుంది. మార్చాల్సిన మాట మెసేజ్‌లో ఉందా, ఫైల్లో ఉందా, రాసినవాళ్ల పేరులో ఉందా అన్నదాన్ని బట్టి టూల్ మారుతుంది. పుష్ చేయకముందు, అంటే సర్వర్‌కు పంపకముందు, ఇది రెండు నిమిషాల పని, చేశాక టీమ్ అంతా కూర్చోవాల్సిన పని. పాస్‌వర్డో కీయో బయటికి వెళ్లిపోయి ఉంటే హిస్టరీ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ కీని రద్దు చేయాలి.

బెంగళూరులో మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఏ ఆఫీసులో చూసినా ఒకరిద్దరు తెలుగువాళ్లు తగులుతారు, వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెఫరల్స్, పీజీ ఖాళీల మధ్య అప్పుడప్పుడూ తేలే సందేహం ఒకటుంది: పాత కమిట్‌లో ఉన్న టెక్స్ట్ మార్చొచ్చా? అడిగేవాళ్ల అవసరాలు మాత్రం ఒక్కలా ఉండవు. లోపల వాడుకున్న రెపోను (ప్రాజెక్టు ఫైళ్లు, వాటి హిస్టరీ కలిసి ఉండే చోటు) ఓపెన్ సోర్స్ చేద్దామనుకుంటే కమిట్ మెసేజ్‌ల నిండా క్లయింట్ పేరు ఉంటుంది. టెస్ట్ డేటా అనుకున్న ఫైల్లో నిజమైన కస్టమర్ల ఫోన్ నంబర్లు బయటపడతాయి. ఆఫీసు కమిట్లు సొంత మెయిల్ ఐడీతో వెళ్లిపోయి ఉంటాయి. శుక్రవారం రాత్రి రాసిన "లాస్ట్ ఫిక్స్", దాని వెనకే "లాస్ట్ ఫిక్స్ 2", ఆ వెనకే "ప్లీజ్ పనిచెయ్" లాంటి మెసేజ్‌లు రివ్యూకి పంపేముందు చూసుకుంటే సిగ్గనిపిస్తుంది.

జవాబుగా దొరికేవి ఎక్కువగా ఒక లైను కమాండ్లు. కాపీ కొట్టి నడిపితే పనిచేస్తాయి కూడా. కానీ అదే కమాండ్ ఒకచోట మంచినీళ్లు తాగినంత తేలిగ్గా అయిపోయి, ఇంకోచోట టీమ్ మొత్తాన్ని రెండు రోజులు ఎందుకు కూర్చోబెడుతుందో ఆ లైను చెప్పదు. అది తెలియాలంటే కమిట్ లోపల ఏముంటుందో చూడాలి.

## కమిట్ లోపల

లినక్స్ కెర్నెల్ టీమ్‌కు బిట్‌కీపర్ అనే ఇలాంటి టూల్‌ను ఉచితంగా వాడుకునే వీలు ఆగిపోవడంతో 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి లోపలి అమరిక పెద్దగా మారలేదు. కమిట్ అంటే నిజానికి ఒక చిన్న టెక్స్ట్ ముక్క. అందులో ఆ క్షణానికి ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో చూపే ట్రీ ఐడీ, అంతకుముందు కమిట్ ఐడీ, రాసినవాళ్ల పేరు మెయిల్ టైము, కమిట్ చేసినవాళ్ల పేరు మెయిల్ టైము, చివర్లో మెసేజ్ ఉంటాయి. ఈ మొత్తం ముక్కను ఎస్‌హెచ్‌ఏ-1 లెక్కలోకి పంపితే వచ్చే 40 అక్షరాల ఫలితమే దాని ఐడీ.

ఐడీ అనేది ఎవరో అంటించిన నంబర్ కాదు, లోపలి విషయం నుంచే పుట్టింది కాబట్టి, లోపల ఒక్క కామా మారినా ఐడీ మారుతుంది. మారిన ఐడీని తర్వాతి కమిట్ తన పేరెంట్‌గా రాసుకోవాలి, అలా రాసుకోగానే దాని ఐడీ కూడా మారిపోతుంది, దాని తర్వాతిదీ అంతే, అలా బ్రాంచ్ చివరిదాకా. ఫ్లాట్ కొనేముందు లాయర్ అడిగే లింక్ డాక్యుమెంట్లలాంటి వ్యవహారం ఇది: ప్రతి దస్తావేజూ తన ముందుదాని నంబర్ ఎత్తి చూపుతుంది, మధ్యలో ఒకదాని నంబర్ మారితే దాని తర్వాతవన్నీ తిరగరాయించాల్సిందే.

ఇందులోంచే ఒక తేడా వస్తుంది. 400 కమిట్లున్న రెపోలో 398వదాన్ని మారిస్తే మూడు కమిట్లు కొత్తవవుతాయి. 37వదాన్ని మారిస్తే 364. టెక్స్ట్ ఎంత మారింది అన్నదానికి ఇక్కడ విలువ లేదు, అది ఎంత వెనక ఉంది అన్నదే లెక్క.

మరి పాత కమిట్లు ఏమవుతాయి? వెంటనే ఏమీ కావు. బ్రాంచ్ పేరు కొత్త వరస మీదికి వెళ్లిపోతుంది, పాత వరస పేరు లేకుండా అక్కడే పడి ఉంటుంది. బ్రాంచ్ పేర్లు ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగాయో గిట్ రాసుకునే రెఫ్‌లాగ్‌లో దాని ఆనవాలు ఉంటుంది. బ్రాంచ్ నుంచి అందకుండా పోయిన వాటి ఎంట్రీలను గిట్ మామూలుగా 30 రోజులు, అందేవాటివి 90 రోజులు ఉంచుతుంది. అందుకే రీబేస్ (కమిట్లను మళ్లీ వరసగా రాసే కమాండ్) పాడైందని కంగారుపడేవాళ్లకు రెఫ్‌లాగ్ చూడమని సీనియర్లు చెబుతారు. పాస్‌వర్డ్ తీసేశామని నిశ్చింతగా ఉన్నవాళ్ల డిస్క్ మీద ఆ పాస్‌వర్డ్ ఇంకా ఉండటానికి కూడా కారణం అదే.

## పుష్ చేయకముందు: అమెండ్, రీబేస్

చివరి కమిట్ మెసేజ్ మాత్రమే మార్చాలంటే గిట్ కమిట్‌కు అమెండ్ ఆప్షన్ ఇస్తే సరిపోతుంది. ఎడిటర్ తెరుచుకుంటుంది, దిద్ది సేవ్ చేయడమే. ఫైల్లో మాట మార్చాలన్నా ఇంతే, ఫైల్ దిద్ది యాడ్ చేసి అమెండ్ చేయాలి.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే ఇంటరాక్టివ్ రీబేస్. ఎన్ని కమిట్లు వెనక్కి వెళ్లాలో చెబితే ఒక లిస్టు తెరుచుకుంటుంది, ప్రతి లైనులో ముందు పిక్ అని, తర్వాత పొట్టి ఐడీ, ఆ తర్వాత మెసేజ్ మొదటి లైను. కొత్తవాళ్లందరూ పడే గుంట ఒకటి ఇక్కడుంది. మెసేజ్ కళ్లముందే కనిపిస్తోంది కదా అని ఆ లిస్టులోనే అక్షరదోషం దిద్దేసి సేవ్ చేస్తారు, రీబేస్ విజయవంతం అని చెప్పి ముగుస్తుంది, లాగ్ చూస్తే పాత మెసేజే ఉంటుంది. ఆ లిస్టులో గిట్ చదివేది లైను మొదట్లో ఉన్న కమాండ్‌ను, ఐడీని మాత్రమే. మిగతాది మనుషులు గుర్తుపట్టడానికి పెట్టింది. మెసేజ్ మారాలంటే పిక్ స్థానంలో రీవర్డ్ అని రాయాలి, అప్పుడు ఒక్కో కమిట్‌కూ ఎడిటర్ విడిగా తెరుచుకుంటుంది. ఫైల్ మార్చాలంటే ఎడిట్ అని రాయాలి, అప్పుడు రీబేస్ ఆ కమిట్ దగ్గర ఆగి మన కోసం ఎదురుచూస్తుంది. మొట్టమొదటి కమిట్‌నే మార్చాలంటే రూట్ ఆప్షన్ ఇవ్వాలి, లేకపోతే దాన్ని లిస్టులో చూపదు.

ముప్పై మెసేజ్‌ల్లో ఒకే తప్పు ఉంటే ముప్పైసార్లు ఎడిటర్ తెరిచి మూయడం విసుగు. దీనికి కమాండ్ లైన్ మీద బతికేవాళ్లు వాడే ఉపాయం ఏంటంటే, గిట్ ఆ లిస్టును తెరిచే ఎడిటర్ ఏదో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా చెప్పొచ్చు, మెసేజ్ తెరిచే ఎడిటర్‌కు ఇంకో వేరియబుల్ ఉంది. మొదటిదాని స్థానంలో పిక్‌ను రీవర్డ్‌గా మార్చే సెడ్ (ఫైల్లో మాటలు మార్చే ప్రోగ్రామ్) కమాండ్, రెండోదాని స్థానంలో తప్పు మాటను ఒప్పు మాటగా మార్చే సెడ్ కమాండ్ పెడితే, ఎడిటర్ ఒక్కసారీ తెరుచుకోకుండా పని ముగుస్తుంది. ఎడిటర్ అంటే ఫైల్ పేరు తీసుకుని ఫైల్ మార్చి బయటికి వచ్చే ప్రోగ్రామ్ ఏదైనా సరే, గిట్‌కు అంతకుమించి పట్టదు. మ్యాక్ మీద చేసేవాళ్లు మాత్రం అక్కడి సెడ్‌కు ఇన్-ప్లేస్ ఆప్షన్ తర్వాత ఖాళీ కోట్స్ కూడా ఇవ్వాలని గుర్తుపెట్టుకోవాలి. లినక్స్ మీద నడిచిన లైను మ్యాక్ మీద ఎర్రర్ ఇవ్వడానికి తొంభై శాతం కారణం అదేనని అనుభవజ్ఞులు నవ్వుతూ చెబుతారు, లెక్క నిజం కాకపోయినా మాట నిజమే.

రీబేస్‌తో రెండు పక్క ప్రభావాలున్నాయి. మధ్యలో రెండు బ్రాంచ్‌లను కలిపే మెర్జ్ కమిట్లు ఉంటే మామూలు రీబేస్ వాటిని వదిలేసి హిస్టరీని ఒకే గీతగా సాపు చేసేస్తుంది, అలా వద్దంటే రీబేస్-మెర్జెస్ ఆప్షన్ అడిగి తీసుకోవాలి. రెండోది, ఆథర్ టైము పాతదే ఉంటుంది గానీ కమిటర్ టైము ఇప్పటిదవుతుంది. పదో తారీఖున రాసిన కోడ్ అని లాగ్ చూపుతున్నా, ఎప్పుడు తిరగరాశారో కూడా అదే కమిట్‌లో రాసి ఉంటుంది. గుట్టుగా మార్చేద్దామనుకునేవాళ్లు మర్చిపోయేది దీన్నే.

## గిట్ ఫోల్డర్ మీద సెడ్ నడిపితే

రీబేస్ గొడవంతా ఎందుకు, హిస్టరీ అంతా ఉండే ఆ డాట్ గిట్ ఫోల్డర్ మీదే ఫైండ్ (ఫైళ్లు వెతికే కమాండ్), సెడ్ కలిపి నడిపేస్తే పోలా అన్న ఆలోచన ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరికి వస్తుంది. పోదు. గిట్ దాచే ముక్కలు, అంటే ఆబ్జెక్టులు, జెడ్‌లిబ్‌తో కంప్రెస్ చేసి ఉంటాయి, కాబట్టి మనం వెతికే మాట అక్కడ మాటలాగా కనిపించదు. మాటలు వెతికే గ్రెప్ ఏమీ దొరకలేదంటుంది, మాట అక్కడే ఉంటుంది.

అసలు ప్రమాదం తెలియకుండా చేసినప్పుడు జరుగుతుంది. ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తంలో ఒక పేరు మార్చుదామని ఫైండ్ నడుపుతారు, డాట్ గిట్‌ను మినహాయించడం మర్చిపోతారు. పొట్టి మాటైతే కంప్రెస్ అయిన బైట్లలో కూడా యాదృచ్ఛికంగా తగిలి, ఆబ్జెక్టులను కట్టగట్టి ఉంచే ప్యాక్ ఫైల్ చెడిపోవచ్చు. తర్వాతి కమిట్‌లోకి వెళ్లే ఫైళ్ల జాబితా ఉండే ఇండెక్స్ ఫైల్లో ఫైళ్ల పేర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, చివర్లో చెక్‌సమ్ ఉంటుంది. పేరు మారి చెక్‌సమ్ మారకపోతే ఇండెక్స్ పాడైందని గిట్ మొరాయిస్తుంది. ఇండెక్స్ పోతే తీసేసి మళ్లీ కట్టుకోవచ్చు. ప్యాక్ పోతే ఇంకో క్లోన్ (రెపో పూర్తి కాపీ) ఉన్నవాళ్లే దిక్కు. ఫైండ్ బదులు గిట్ ఎల్ఎస్-ఫైల్స్ ఇచ్చే లిస్టును సెడ్‌కు అందిస్తే డాట్ గిట్ జోలికి వెళ్లదు, అయితే అదీ ఇప్పటి ఫైళ్లను మాత్రమే మారుస్తుంది, పాత కమిట్లను కాదు.

పాత కమిట్లలో మాట ఎక్కడుందో వెతకడానికి గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఆప్షన్ ఉంది. ఒక మాట ఎన్నిసార్లు ఉందన్న లెక్క ఏ కమిట్‌లో మారిందో అది చూపుతుంది, అంటే ఎక్కడ వచ్చి చేరిందో, ఎక్కడ పోయిందో తెలుస్తుంది. అన్ని బ్రాంచ్‌లూ చూడమని కూడా చెప్పాలి, లేకపోతే ఆర్నెల్ల కిందట ఎవరో వదిలేసిన బ్రాంచ్‌లో అది హాయిగా మిగిలిపోతుంది.

## హిస్టరీ అంతా తిరగరాసే టూల్స్

ఫైల్లో ఉన్న మాట వందల కమిట్లలో ఉంటే రీబేస్ పనికిరాదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. బెంగళూరు నుంచి అనంతపురం, తిరుపతి, విజయవాడ బస్సు టికెట్ల యాప్ ఒకటి ఉందనుకోండి. 37వ కమిట్‌లో ఎవరో కాన్‌ఫిగ్ ఫైల్లో ఎస్ఎంఎస్ గేట్‌వే కీ పెట్టారు, 52వ కమిట్‌లో తీసేశారు. ఇప్పటి కోడ్‌లో కీ లేదు. కానీ 37 నుంచి 51 దాకా ఏ కమిట్‌ను చెకౌట్ చేసినా (తెరిచి చూసినా) ఉంది.

ఇలాంటి వాటికి చాలాకాలం గిట్‌తోపాటే వచ్చే ఫిల్టర్-బ్రాంచ్ వాడేవాళ్లు. అది షెల్ స్క్రిప్టు. ట్రీ ఫిల్టర్ పెడితే ప్రతి కమిట్‌నూ ఫైళ్లుగా డిస్క్ మీదికి దించి, మన కమాండ్ నడిపి, తిరిగి కమిట్ చేస్తుంది. పెద్ద రెపో అయితే రాత్రి మొదలుపెట్టి పొద్దున చూసుకోవాల్సిందే. అంతకంటే పెద్ద సమస్య, తప్పు జరిగినా చప్పుడు చేయకుండా పాడైన హిస్టరీ ఇవ్వగలదు. 2019 నవంబర్‌లో వచ్చిన గిట్ 2.24 నుంచి దాన్ని నడిపితే ముందు హెచ్చరిక చూపి, బదులుగా ఫిల్టర్-రీపో వాడమంటోంది. పాత ట్యుటోరియల్స్ ఇంకా ఫిల్టర్-బ్రాంచ్ లైన్లే చూపిస్తుంటాయి కాబట్టి ఈ ఒక్క విషయంలో వ్యాసం తేదీ చూసుకోవడం మంచిది.

మధ్యలో రాబర్టో టైలీ స్కాలాలో రాసిన బీఎఫ్‌జీ వచ్చింది. ఒకే ఫైల్ వంద కమిట్లలో మారకుండా ఉంటే గిట్ దాన్ని ఒక్కసారే దాచుకుంటుంది, బీఎఫ్‌జీ కూడా దాన్ని ఒక్కసారే శుభ్రం చేస్తుంది, అందుకే వేగం. దానికో పట్టింపు ఉంది: తాజా కమిట్‌లో ఉన్న ఫైళ్లను ముట్టుకోదు. ఇప్పటి కోడ్‌ను ముందు మీరే సరిచేసుకుని రమ్మంటుంది. ఇది తెలియనివాళ్లు కీ ఇంకా ఉందేంటని తల పట్టుకుంటారు.

ఇప్పుడు గిట్ డాక్యుమెంటేషనే సిఫారసు చేసేది ఎలైజా న్యూరెన్ రాసిన ఫిల్టర్-రీపో. పైథాన్ స్క్రిప్టు, గిట్‌తో రాదు, విడిగా వేసుకోవాలి. గిట్‌లో ఉన్న ఫాస్ట్-ఎక్స్‌పోర్ట్, ఫాస్ట్-ఇంపోర్ట్ మధ్యలో కూర్చుని, హిస్టరీ అంతా ఒక ప్రవాహంలా వెళ్తుంటే దారిలో మాటలు మార్చి అటువైపు పంపుతుంది. ఫైళ్లను డిస్క్ మీదికి దించే పనే లేదు.

ఏ మాట ఎలా మార్చాలో ఒక టెక్స్ట్ ఫైల్లో లైనుకొకటి రాసి రీప్లేస్-టెక్స్ట్ ఆప్షన్‌కు ఇవ్వాలి. పాత మాట, రెండు ఈక్వల్ గుర్తులు, ఒక గ్రేటర్ దేన్ గుర్తు, కొత్త మాట. ఇలా:

ఎస్ఎంఎస్‌కీ12345==>కీ_ఇక్కడ_లేదు

బాణం, కొత్త మాట రాయకపోతే ఆ స్థానంలో మూడేసి నక్షత్రాల మధ్య రిమూవ్డ్ అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో పెడుతుంది. లైను ముందు రెజెక్స్ అని, గ్లాబ్ అని రాసి నమూనాలూ ఇవ్వొచ్చు. ఇక్కడ తడబడే చోటు ఒకటుంది: రీప్లేస్-టెక్స్ట్ ఫైళ్లలోపలి మాటలనే మారుస్తుంది, కమిట్ మెసేజ్‌లు మార్చాలంటే రీప్లేస్-మెసేజ్ విడిగా ఇవ్వాలి. రాసినవాళ్ల పేర్లు, మెయిల్ ఐడీలకు మెయిల్‌మ్యాప్ ఆప్షన్ వేరు. క్లయింట్ పేరు మూడుచోట్లా ఉంటే మూడూ ఇవ్వాలి. ఫైల్ పేర్లలో ఉంటే పాత్-రీనేమ్ నాలుగోది. బైనరీ ఫైళ్లను టెక్స్ట్ మార్పు ముట్టుకోదు, కాబట్టి స్క్రీన్‌షాట్‌లోనో జిప్‌లోనో ఉన్న కీ అలాగే ఉంటుంది, ఆ ఫైల్‌నే హిస్టరీ నుంచి ఎత్తేయాలి.

ఈ టూల్ అనుమానం ఎక్కువ. తాజాగా చేసిన క్లోన్ కాకపోతే నడవనంటుంది. పని అయ్యాక సర్వర్ చిరునామా అయిన ఆరిజిన్ రిమోట్‌ను తీసేస్తుంది, అలవాటులో పుష్ కొట్టేయకుండా. విసుగుపుట్టి ఫోర్స్ ఆప్షన్ పెట్టేవాళ్లు చాలామంది, కానీ క్లోన్ చేసుకోవడానికి పట్టే ఐదు నిమిషాలకు కక్కుర్తిపడితే వెనక్కి వెళ్లే దారి మూసుకున్నట్టే, ఎందుకంటే పని ముగిశాక అది రెఫ్‌లాగ్‌ను కూడా ఖాళీ చేసి చెత్త ఊడ్చేస్తుంది.

## తెలుగు టెక్స్ట్ ఉన్న రెపోల్లో

ఇంగ్లిష్ మాటల దగ్గర ఎవరికీ తగలని చిక్కులు తెలుగు స్ట్రింగ్స్ ఫైళ్ల దగ్గర తగులుతాయి. పై బస్సు యాప్‌లోనే తెలుగు స్క్రీన్ల ఫైల్లో ఒకరు బెంగళూరు అని, ఇంకొకరు బెంగుళూరు అని రాసి ఉంటారు. అది కంటికి కనిపించే తేడా, రెండు లైన్లు రాస్తే సరి. కంటికి కనిపించనివే ఇబ్బంది.

ఈ టూల్స్ అక్షరాలు చూడవు, బైట్లు చూస్తాయి. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో ఒక గుర్తుకు ఇచ్చిన సంఖ్య) ఒక్కోదానికి మూడు బైట్లు. అందుకే ఫిల్టర్-రీపో రెజెక్స్‌లో చుక్క పెట్టి ఏదో ఒక అక్షరం అనుకుంటే అది ఒక్క బైటుకే సరిపోలుతుంది, అక్షరం మధ్యలో తెగి ఫైల్లో చెత్త గుర్తులు మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ అనే మాటలో ట్ తర్వాత కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టి టైప్ చేసేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. ఫాంటును బట్టి రెండూ ఒక్కలాగే కనిపించవచ్చు కూడా, కానీ బైట్లు వేరు, ఒకదానికి రాసిన లైను ఇంకోదాన్ని పట్టదు. ఐత్వం సంగతి మరీ సూక్ష్మం: యూనికోడ్‌లో దాన్ని ఒకే కోడ్‌పాయింట్‌గా రాయొచ్చు, ఎత్వమూ దాని కిందికి వచ్చే గుర్తూ అని రెండుగానూ రాయొచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ అంటుంది. సెడ్ అనదు.

కాబట్టి మార్చాల్సిన మాటను చేత్తో టైప్ చేయకుండా, గిట్ షో ద్వారా ఆ పాత కమిట్‌లో ఉన్న రూపాన్నే కాపీ చేసి లిస్టులో పెట్టుకోవడం క్షేమం. ఫైల్ పేర్లే తెలుగులో ఉంటే గిట్ స్టేటస్‌లో అవి బ్యాక్‌స్లాష్‌లు, అంకెల వరసలుగా కనిపిస్తాయి, కోర్ కోట్‌పాత్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే తెలుగులోనే చూపిస్తుంది. ఆ అంకెలు చూసి ఫైల్ పాడైందనుకుని తీసేసినవాళ్లు ఉన్నా ఆశ్చర్యం లేదు.

## పుష్ చేశాక

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక మెషీన్ మీద జరిగే పని. పుష్ అయిన హిస్టరీ తిరగరాస్తే దాన్ని సర్వర్ మీదికి బలవంతంగా పంపాలి. ఫోర్స్ అంటే అక్కడ ఏమున్నా తొక్కేస్తుంది, మధ్యలో ఇంకొకరు పుష్ చేసిన కమిట్లతో సహా. ఫోర్స్-విత్-లీజ్ అయితే సర్వర్ మీది బ్రాంచ్ మనం చివరిసారి చూసినచోటే ఉంటేనే పంపుతుంది. చివరిసారి చూడటం అంటే ఫెచ్ చేయడమే (సర్వర్ నుంచి కొత్తవి తెచ్చుకోవడం) కాబట్టి, ఎడిటర్ వెనకాల తనంతట తాను ఫెచ్ చేస్తూ ఉంటే ఆ రక్షణ ఉత్తదవుతుంది. ఈ చివరి ముక్క చాలామందికి దెబ్బ తగిలాకే తెలుస్తుంది.

సర్వర్ మీద కొత్త వరస పడగానే మిగతావాళ్ల మెషీన్లలో గొడవ మొదలవుతుంది.

"అన్నా, పుల్ కొడితే అన్నీ కాన్‌ఫ్లిక్టులే వస్తున్నాయి. నేనసలు ఆ ఫైళ్లు ముట్టుకోలేదు."

"మెర్జ్ కొట్టకు, ఆగు. నీ సొంత కమిట్లు ఏవో ముందు రాసి పెట్టుకో."

ఆ అన్న ఆగమన్నది ఎందుకంటే, జూనియర్ దగ్గర ఉన్నది పాత వరస, సర్వర్ మీద ఉన్నది కొత్తది, బస్సు యాప్ ఉదాహరణలో రెండూ 36వ కమిట్ దగ్గర విడిపోయిన రెండు వేర్వేరు బ్రాంచ్‌లని గిట్ అనుకుంటుంది. రెండిటినీ మెర్జ్ చేసి పుష్ చేస్తే ప్రతి కమిట్ రెండేసి సార్లు కనిపిస్తుంది, పాత వరస కీతో సహా తిరిగి సర్వర్ ఎక్కి కూర్చుంటుంది. ఒక్కరు అలా చేసినా అందరూ పడ్డ శ్రమ వృథా. అందుకే తిరగరాశాక అందరూ పాత క్లోన్ పక్కనపెట్టి కొత్తగా క్లోన్ చేసుకోవాలని, సగంలో ఉన్న పనిని రీబేస్ ఆంటో ఆప్షన్‌తోనో చెర్రీ-పిక్‌తోనో కొత్త వరస మీదికి తెచ్చుకోవాలని చెబుతారు. ముందు రోజే ఓపెన్ పుల్ రిక్వెస్టులన్నీ (కలుపుకోమని అడుగుతూ పంపిన మార్పులు) మెర్జ్ చేసేయమని ఒక మెసేజ్ పెట్టడం వల్ల తగ్గే తలనొప్పి ఏ ఆప్షన్ వల్లా తగ్గదు.

సర్వర్ వైపు ఇంకో కథ. గిట్ రెపోలను ఉంచే గిట్‌హబ్ సైట్‌లో ప్రతి పుల్ రిక్వెస్టుకూ విడిగా ఒక రెఫ్ (కమిట్‌ను చూపే పేరు) ఉంటుంది, దాన్ని యూజర్లు పుష్ చేసి మార్చలేరు. పాత కమిట్ ఏదైనా పుల్ రిక్వెస్టులో ఉంటే, మెయిన్ బ్రాంచ్ నుంచి పోయినా ఆ రెఫ్ ద్వారా బతికే ఉంటుంది, ఐడీ తెలిస్తే పేజీ తెరుచుకుంటుంది. ఎవరైనా ఫోర్క్ చేసి (తమ ఖాతాలోకి కాపీ చేసుకుని) ఉంటే అందులోనూ ఉంటుంది. వాటిని తుడిపించాలంటే గిట్‌హబ్ సపోర్టుకు రాయాలి. కోడ్‌ను తనంతట తానే బిల్డ్, టెస్ట్ చేసే సీఐ క్యాష్‌లు, డాకర్ ఇమేజ్‌లు, బ్యాకప్‌లు ఎవరివి వాళ్లే చూసుకోవాలి. కమిట్లకు జీపీజీ డిజిటల్ సంతకాలు ఉంటే తిరగరాసినవాటికి అవి చెల్లవు, పాత సంతకం పాత బైట్ల మీద పెట్టింది కాబట్టి.

## కీ బయటపడితే

పబ్లిక్ రెపోలోకి వెళ్లిన క్లౌడ్ కీలను వెతుక్కుని వాడేసే బాట్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. ఫిల్టర్-రీపో ఆప్షన్లు చదువుకునే లోపే కీ వాడేసి ఉండొచ్చు. కాబట్టి వరస ఇది: కీ రద్దు, కొత్త కీ, లాగ్‌లలో ఎవరైనా వాడారా అని చూడటం, ఆ తర్వాత తీరిగ్గా హిస్టరీ. రద్దయిన కీ హిస్టరీలో ఉన్నా ప్రమాదం లేదు, చాలా టీమ్‌లు అక్కడితో ఆపేసి హిస్టరీని అలాగే వదిలేస్తాయి. అది బద్ధకం అనిపించొచ్చు గానీ, 364 కమిట్ల ఐడీలు మార్చి అందరితో క్లోన్లు చేయించడంతో పోలిస్తే మంచి నిర్ణయమే.

ఎవరైనా కీ వాడి సిస్టమ్‌లోకి వచ్చారని తేలితే వ్యవహారం గిట్ దాటి వెళ్తుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, అందులో పేర్కొన్న రకాల సైబర్ ఘటనలను తెలిసిన 6 గంటల్లోపు నివేదించాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. కస్టమర్ల ఫోన్ నంబర్ల విషయం వేరు: నంబర్‌ను కీలాగా రద్దు చేయలేం. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వ్యక్తులకు తమ డేటా చెరిపించుకునే హక్కు ఇచ్చింది. హిస్టరీ తిరగరాయడానికి నిజంగా గట్టి కారణం ఉందంటే అది ఇలాంటి చోటే. మెసేజ్‌లో అక్షరదోషం అలాంటి కారణం కాదు.

## ఐడీ మారకుండా సర్దుకునే దారులు

పుష్ అయిపోయిన కమిట్ మెసేజ్‌లో తప్పు సమాచారం ఉంటే గిట్ నోట్స్‌తో ఆ కమిట్‌కు ఒక చీటీ తగిలించవచ్చు. లాగ్‌లో మెసేజ్ కింద కనిపిస్తుంది, ఐడీ మారదు. నోట్స్ మామూలు పుష్‌తో వెళ్లవు, విడిగా పంపాలి, అందుకే ఎక్కువమంది వాడరు. పేర్లు, మెయిల్ ఐడీల గొడవకైతే రెపోలో పేరు ముందు చుక్క ఉండే మెయిల్‌మ్యాప్ ఫైల్ పెడితే గిట్ షార్ట్‌లాగ్, బ్లేమ్ లాంటివి సరైన పేరే చూపిస్తాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లకు, కంపెనీ మారి మెయిల్ మారినవాళ్లకు ఇది చాలు. అసలు డేటాలో పాత పేరు ఉంటుంది, అదీ ఉండకూడదంటేనే తిరగరాయాలి. గిట్ రీప్లేస్ అని ఇంకోటుంది, ఒక ఆబ్జెక్ట్ అడిగితే ఇంకోటి చూపించమని చెప్పేది. పని చేస్తుంది గానీ అది ఉందని తెలియనివాళ్లను బాగా తికమక పెడుతుంది.

## మిగతా సిస్టమ్‌లు ఏం చేశాయి

ఇలాంటి పనే చేసే సబ్‌వర్షన్‌లో లెక్క పూర్తిగా వేరు. అక్కడ రివిజన్ నంబర్ వరస సంఖ్య, లోపలి విషయం నుంచి పుట్టలేదు. లాగ్ మెసేజ్ ఆ రివిజన్‌కు తగిలించిన ప్రాపర్టీ. అడ్మిన్ సర్వర్‌లో ఒక హుక్ (మార్పు జరిగేటప్పుడు నడిచే స్క్రిప్టు) అనుమతిస్తే పదేళ్ల కిందటి మెసేజ్ అయినా ఒక్క ప్రాప్‌సెట్ కమాండ్‌తో మారిపోతుంది, ఇంకే నంబరూ కదలదు. పాత మెసేజ్ ఏమిటో మాత్రం ఎక్కడా మిగలదు, హుక్ ద్వారా రాసి పెట్టుకుంటే తప్ప. అదే ఫైల్లో మాట మార్చాలంటే రిపాజిటరీ మొత్తం డంప్ తీసి, వడకట్టి, మళ్లీ ఎక్కించాలి. గిట్‌లో మెసేజ్, ఫైల్ రెండిటి ఖర్చూ ఒకటే. సబ్‌వర్షన్‌లో ఒకటి ఉచితం, ఇంకోటి ప్రాణసంకటం.

మెర్క్యురియల్ ఐడీలు గిట్‌లాగే పుడతాయి గానీ, 2012లో వచ్చిన ఫేజ్‌లతో అది ఒక గీత గీసింది. పుష్ కాని కమిట్ డ్రాఫ్ట్, అయ్యాక పబ్లిక్. పబ్లిక్ అయినదాన్ని అమెండ్ చేయబోతే కుదరదంటుంది. గిట్ ఆ గీతను మనిషి విజ్ఞతకు వదిలేసింది, గిట్‌హబ్ లాంటి సర్వర్లు దాన్ని ప్రొటెక్టెడ్ బ్రాంచ్ సెట్టింగ్ రూపంలో తెచ్చాయి. ఫాసిల్ ఇంకో దారి పట్టింది: అమెండ్ చేస్తే అసలు చెకిన్ (అక్కడ కమిట్‌కు పేరు) అలాగే ఉండి, సవరణ పక్కన ఇంకో రికార్డుగా చేరుతుంది, చూసేవాళ్లకు సవరించిన మెసేజ్ కనిపిస్తుంది. ఆడిట్ అడిగేవాళ్లకు ఇది నచ్చుతుంది, రహస్యం దాచాలనుకునేవాళ్లకు నచ్చదు.

గిట్ రెపోల మీదే నడిచే జుజుత్సు అనే టూల్‌ను ఈమధ్య ఆఫీసుల్లో కొందరు ప్రయత్నిస్తున్నారు. అందులో కమిట్ ఐడీతోపాటు చేంజ్ ఐడీ అని ఇంకోటి ఉంటుంది, మెసేజ్ మార్చినా ఫైల్ మార్చినా అది మారదు. వెనక ఎక్కడో ఉన్న కమిట్ మెసేజ్ డిస్క్రైబ్ కమాండ్‌తో మారిస్తే దాని మీదున్నవన్నీ అదే సర్దేస్తుంది, తేడా వస్తే అండూ ఉంది. ట్రంక్‌లోకి, అంటే ప్రధాన బ్రాంచ్‌లోకి, వెళ్లినవాటిని మాత్రం మామూలుగా మార్చనివ్వదు.

గిట్‌తోనే ఉండిపోయేవాళ్లకు చివరి చిక్కు ఆఫీసు టికెట్లలో వస్తుంది. జిరా కామెంట్లలో, రిలీజ్ నోట్స్‌లో, చాట్‌లో అతికించిన పాత ఐడీలు తిరగరాశాక ఎటూ చూపవు. కమిట్ మెసేజ్‌ల లోపల ఉన్న ఐడీలను ఫిల్టర్-రీపో తనే కొత్తవాటికి మార్చేస్తుంది, బయటి సిస్టమ్‌లలోవి దానికి తెలియవు. అయితే పని అయ్యాక డాట్ గిట్ లోపల ఫిల్టర్-రీపో అనే ఫోల్డర్‌లో కమిట్-మ్యాప్ అనే ఫైల్ వదిలిపెడుతుంది, లైనుకొక పాత ఐడీ, దాని ఎదురుగా కొత్తది. ఆ క్లోన్‌ను డిలీట్ చేసేముందు ఆ ఫైల్‌ను వికీలో పెట్టిన టీమ్‌కు, ఆర్నెల్ల తర్వాత ఎవరో 4071936తో మొదలయ్యే కమిట్ ఏమైందని అడిగితే, ఒక్క గ్రెప్‌తో జవాబు దొరుకుతుంది.